పడమటి పెరట్లో పాతిక వేలతో ఏం చేయొచ్చు: ముందు నీడ, ఆ తర్వాతే సోకులు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుంటూరు విద్యానగర్‌లో సొంత ఇల్లు. వెనక పడమటి వైపు ఇంటి గోడ వెంబడి 15 అడుగులు, ప్రహరీ దాకా 12 అడుగులు పాత సిమెంటు గచ్చు ఉంది. పగుళ్ళిచ్చింది, వానాకాలం పాచి పడుతుంది, ఒక మూల నీళ్ళు నిలుస్తాయి. సాయంత్రాలు అమ్మగారూ మీరూ కూర్చునేలా చేయాలి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బడ్జెట్ పాతిక వేలు, ఉగాదికి పూర్తవ్వాలి. ఆర్టిఫిషియల్ గడ్డి పరిచి, సోలార్ లైట్లు పెట్టి, ఒక ఉయ్యాల తగిలిస్తే సరిపోతుందా అని అడిగారు.

పాతిక వేలు సరిపోతాయి. గడ్డి మాత్రం వద్దు, సోలార్ లైట్లు వద్దు. ఉయ్యాల సంగతి చివర్లో చెప్తాను. ఉన్న డబ్బులో సగం నీడకీ నేలకీ పెట్టండి. తర్వాత ఒక అరుగు కట్టించండి. మిగిలిన దాంట్లో లైట్లు, ఫ్యాను, నాలుగు మొక్కలు వచ్చేస్తాయి. అందం కోసం విడిగా ఏమీ కొనకండి.

నేను బెజవాడలో ఇళ్ళ రిపేర్లు, చిన్న చిన్న మార్పుల పనులు చేయిస్తుంటాను, గుంటూరు పనులు కూడా వస్తుంటాయి. పెరడు బాగు చేయించమని పిలిచేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. ఆ ఫొటోలన్నీ బెంగుళూరువో, ఏ చలిదేశానివో. అక్కడ ఎండలో కూర్చోవడానికి పెరడు కట్టుకుంటారు. మనం ఎండ నుంచి తప్పించుకుని కూర్చోవడానికి కట్టుకోవాలి. ఈ ఒక్క తేడా పట్టించుకోకుండా చేసిన పని ఎంత ఖర్చు పెట్టినా రెండో వేసవికి బట్టలారేసుకునే స్థలంగా మారిపోతుంది.

మీది పడమటి పెరడు, అసలు చిక్కంతా అక్కడుంది

తూర్పు పెరడైతే మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే దాని మీద పడుతుంది. మీకు దానికి సరిగ్గా ఉల్టా. పన్నెండు నుంచి పొద్దుగూకేదాకా ఎండ నేరుగా మీ గచ్చు మీదే. మన ఊళ్ళలో మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత రోహిణి కార్తె, రోళ్ళు పగులుతాయంటారు కదా, అప్పుడు గచ్చు మాటేమిటి?

నెత్తి మీద షేడ్ నెట్, అంటే నీడ కోసం కట్టే ప్లాస్టిక్ వల, కడితే చాలనుకుంటారు చాలామంది. అది మధ్యాహ్నం ఎండని ఆపుతుంది. మీరు కూర్చునేది సాయంత్రం. నాలుగున్నర ఐదింటికి ఎండ పైనుంచి రాదు, పక్కనుంచి ఏటవాలుగా ప్రహరీ మీదుగా మొహాన కొడుతుంది. కాబట్టి పైన ఎంత ముఖ్యమో పడమటి పక్కన నిలువుగా ఒక తెర కూడా అంతే ముఖ్యం. ఇంకో సంగతి, వేసవిలో సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించడు, వాయువ్యం వైపు జరుగుతాడు. అందుకని ఆ నిలువు తెరని వాయువ్యం మూల దగ్గర ఆపెయ్యకుండా ఉత్తరం వైపుకి కూడా మూడు నాలుగడుగులు తిప్పాలి. ఈ చిన్న ముక్క వదిలేసిన చోట్ల, మే నెలలో సాయంత్రం ఆరింటికి అందరూ కుర్చీలు అటూ ఇటూ జరుపుకోవడం చూస్తుంటాను.

ఈ లెక్కలోంచే ఇంకోటి బయటపడుతుంది. మామూలుగా కుర్చీలు ఎక్కడ వేస్తాం? ఇంటి గోడకి ఆనించి, ప్రహరీ వైపు చూస్తూ. మీ పెరట్లో అది అన్నిటికన్నా వేడి చోటు. మధ్యాహ్నమంతా ఎండ తాగిన గోడ అది. రాత్రి ఎనిమిదింటికి వీపు దానికి ఆనించి చూడండి, చొక్కా లోంచి వేడి తెలుస్తుంది. ఎదురుగా ఉన్న ప్రహరీ లోపలి ముఖం తూర్పుకి తిరిగి ఉంటుంది. దానికి పొద్దున ఎండే తగులుతుంది, మధ్యాహ్నం నుంచీ దానిది నీడే. సాయంత్రానికి చల్లబడి ఉంటుంది. కూర్చునే చోటు ప్రహరీకి ఆనించి పెట్టండి, ఇంటి గోడకి కాదు. దీనికి పైసా ఖర్చు లేదు.

నీడ: దీనికి ఎనిమిది వేలు

రేకుల షెడ్డు అడగలేదు కాబట్టి దాని జోలికి వెళ్ళను. పాతిక వేలలో రేకులు వేయిస్తే ఇంకేమీ మిగలదు, పైగా మధ్యాహ్నం ఆ రేకు కిందే ఉక్క. తాటాకు పందిరి చల్లగా ఉంటుంది, ఆ చల్లదనం ఇంకెందులోనూ రాదు. కానీ ఏటా ఆకు మార్చాలి, వేసేవాళ్ళు దొరకాలి, దీపావళికి పక్కింటి తారాజువ్వ దాని మీద పడకుండా కాపలా కాయాలి. ఊరి మధ్యలో ఇప్పుడు సలహా ఇవ్వను.

షేడ్ నెట్ తీసుకోండి. 75 శాతం నీడనిచ్చే రకం చాలు. 90 శాతం అయితే గాలి తగ్గుతుంది, గాలికి తెరచాపలా ఉబ్బి తీగల్ని లాగేస్తుంది. ఆకుపచ్చ నెట్ అందరూ వాడతారు, దాని కింద అందరి మొహాలూ పచ్చగా జబ్బు పడ్డట్టు కనిపిస్తాయి. నలుపో, మట్టిరంగో అడగండి. యూవీ రకమేనా అని అడిగి తీసుకోండి. మామూలు రకం రెండు వేసవులకే పిండి పిండిగా రాలిపోతుంది. వ్యవసాయ సామాన్లు అమ్మే కొట్లలో రోల్ నుంచి మీటర్ల లెక్కన కోసిస్తారు, ఇంటి అలంకరణ సామాన్ల షాపులో అదే నెట్‌కి ఎక్కువ పెట్టాల్సొస్తుంది.

నెట్‌ని శాశ్వతంగా బిగించకండి. ఇది నేను ప్రతిచోటా పట్టుబట్టి చేయించే పని. మీరు రాసినదాన్నిబట్టి అమ్మగారు వేసవిలో అక్కడే వడియాలు పెడతారు, మిరపకాయలు ఎండబెడతారు. గుంటూరులో ఉండి ఎండు మిరపకాయలకి ఎండ లేకుండా చేస్తే ఆవిడ మిమ్మల్ని ఊరుకోరు. నెట్ కర్టెన్‌లాగా జరిగేలా ఉండాలి.

ఎలాగంటే, ప్రహరీ వైపు మూడు ఇనుప పైపులు నిలబెట్టి, వాటి మీద 15 అడుగుల అడ్డ పైపు వెల్డింగ్ చేయించండి. ఎత్తు ఎనిమిదిన్నర అడుగులకి తగ్గకూడదు, తగ్గితే కింద గాలి ఆడదు. ఇంటి గోడ నుంచి ఆ అడ్డ పైపు దాకా జీఐ తీగలు (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగలు) నాలుగు, ఐదేసి అడుగుల ఎడంలో లాగి, ఒక్కో తీగకి ఒక చివర టర్న్‌బకిల్ వేయించండి. తీగ సాగి వేలాడినప్పుడల్లా అది తిప్పితే బిగుస్తుంది. ఆ నాలుగు తీగల మధ్య మూడు నెట్ పట్టీలు వస్తాయి. పట్టీ అంచు రెండు మడతలు మడిచి, లోపల నైలాన్ తాడు పెట్టి కుట్టించాలి. అడుగుకొక రింగు. కర్ర తగిలించి లాగితే ఇంటి గోడ వైపుకి మడతలు పడి ఆగుతుంది. టైలర్ కుట్టనంటే టార్పాలిన్లు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఒక్క పూటలో పని.

పొద్దున వడియాల టైములో తీసేస్తారు, పదకొండుకి వేస్తారు. చలికాలం మొత్తం తీసే ఉంచొచ్చు. తుపాను కబురు రాగానే, దీపావళి ముందు రోజు, పూర్తిగా లాగేసి కట్టేయండి. ప్లాస్టిక్ కదా, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

పైపులకి కొత్త ఇనుము అక్కర్లేదు. ఆటోనగర్ వైపు పాత ఇనుము కొట్లలో కిలోల లెక్కన దొరుకుతాయి. అంగుళంన్నర జీఐ పైపు చాలు. కొనేముందు పైపుని సుత్తితో నెమ్మదిగా కొడుతూ వెళ్ళండి, లోపల తుప్పు తినేసిన చోట మోత మారుతుంది. పైపు నిలబెట్టే చోట రెండడుగుల గుంట తీసి కాంక్రీటు పోయించండి. ఖర్చు తగ్గుతుందని ప్రహరీకే హుకులు కొట్టించి తీగలు లాగుతారు కొందరు. నాలుగున్నర అంగుళాల ప్రహరీ ఆ లాగుడికి నిలవదు, గాలివాన వచ్చిన రోజు పై రెండు వరసల ఇటుకలు తీగతో పాటు ఊడి వస్తాయి. ఇంటి వైపు కూడా హుకులు సన్‌షేడ్ అంచుకి కాకుండా బీముకి కొట్టించండి.

పడమటి నిలువు తెరకి అదే నెట్ చాలు. ప్రహరీ అయిదడుగులుంటే దాని పైనుంచి అడ్డ పైపు దాకా మూడున్నర అడుగుల ముక్క. వెదురు తడిక చూడ్డానికి బాగుంటుంది, ఇష్టమైతే అదే కట్టండి, కానీ కింది చివర మట్టికి తగలకూడదు, తగిలితే చెద ఎక్కేస్తుంది.

నేల, గోడ: కలిపి నాలుగున్నర వేలు

గడ్డి ఎందుకు వద్దన్నానంటే, అది ప్లాస్టిక్. మే మధ్యాహ్నం దాని మీద పాదం ఆనించలేరు, సిమెంటు గచ్చు కన్నా ఎక్కువ కాలుతుంది. కింద నీళ్ళు నిలిచే మూల ఒకటుంది అన్నారు. దాని మీద గడ్డి పరిస్తే వానాకాలం అడుగున మురిగి వాసన. బెజవాడ పటమటలో ఒకరింట్లో ఇలాంటిదే పీకించాను, కింద పాచి ఒక పొరలాగా ఊడి వచ్చింది.

ముందు ఒక పని చేయండి. బకెట్ నీళ్ళు గచ్చు మీద నాలుగు చోట్ల పోసి, పది నిమిషాలాగి, ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత లోపల మాత్రమే పని. మొత్తం గచ్చు పగలగొట్టాలని మేస్త్రి చెప్తే ఇంకో మేస్త్రిని పిలవండి. వాలు వందకి ఒకటి చొప్పున ఉంటే నీళ్ళు నిలవవు, అంటే మీ 12 అడుగులకి అంగుళంన్నర. వాలు ఎప్పుడూ తూము వైపుకే. వాస్తు ప్రకారం ఈశాన్యానికి వాలు ఉండాలని ఎవరైనా అంటే, తూము కూడా అక్కడుంటే సంతోషం. లేకపోతే నీళ్ళు ఇంటి పునాదిలోకి పోతాయి.

గుంట పడ్డ చోట పాత గచ్చు మీద అర అంగుళం సిమెంటు పూసి వదిలేస్తే ఏడాదిలో పెచ్చులూడుతుంది. పాత పైపొర ఉలితో గాట్లు పెట్టి, కడిగి, సిమెంటు పాలలో బాండింగ్ కెమికల్ కలిపి పూసి, అది తడిగా ఉండగానే కొత్త మాలు వేయాలి. పగుళ్ళని ఉలితో వెడల్పు చేసి నింపాలి, పైపైన రాస్తే లాభం లేదు. తర్వాత వారం రోజులు తడపాలి. ఇది మేస్త్రి చెయ్యడు, మీరే చెయ్యాలి. గోనెపట్టా కప్పి రోజుకి రెండు మూడుసార్లు నీళ్ళు.

పాచికి బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలిపి పోసి, పావుగంటాగి, గట్టి చీపురుతో రుద్ది కడిగితే పోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. బ్లీచింగూ యాసిడూ ఒకేసారి వాడకండి, ఒకదాని తర్వాత ఒకటి కూడా వద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, గాలి ఆడని పెరట్లో ప్రాణం మీదకి వస్తుంది. మరకలు పోతాయని యాసిడ్ తెచ్చే అలవాటు మనకి బాగా ఉంది. నాపరాళ్ళున్న చోట అసలే వాడకూడదు. మాచర్ల వైపు రాయైనా, బేతంచర్ల రాయైనా, కడప నల్లరాయైనా అన్నీ సున్నపురాయి జాతే. యాసిడ్ పడగానే బుసబుస పొంగి, నునుపు పోయి, ఇంకెప్పటికీ మెరవదు.

టైల్స్ మార్చాలనుంటే వద్దని కాదు, ఈ బడ్జెట్‌లో రాదు. ఎప్పుడైనా వేయిస్తే గరుకు పార్కింగ్ టైల్స్ వేయించండి. నున్నటి టైల్ మీద వానచుక్క పడితే అమ్మగారి మోకాలు కాదు, తుంటి విరుగుతుంది. వేసేముందు గడప ఎత్తు చూసుకోండి. రాయి, మాలు కలిపి నేల రెండంగుళాలు లేస్తే, గట్టి వానకి నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వస్తాయి.

గోడలకి సున్నమే వేయండి. ప్రహరీ కింది భాగంలో ఉప్పు పట్టి తెల్లగా పూత లేస్తోందని రాశారు, అక్కడ ప్లాస్టిక్ పెయింట్ నిలవదు. గోడలో చెమ్మ బయటికి పోవడానికి దారుండాలి, పెయింట్ ఆ దారి మూసేస్తుంది, బుడగలై లేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చాక బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇది కళ్ళారా చూశాను. గోడలు పూర్తిగా ఆరకముందే దసరాకి, దీపావళికి రంగులేయించుకున్నవాళ్ళ ఇళ్ళలో సంక్రాంతి నాటికి పెచ్చులు. సున్నం కొట్టి ఊరుకున్నవాళ్ళు హాయిగా ఉన్నారు.

ఉప్పుని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పాత డిస్టెంపర్ ఉంటే గీకేయాలి, దాని మీద సున్నం పట్టదు. పిడుగురాళ్ళ సున్నం మనకి దగ్గరే, రాళ్ళ రూపంలో తెస్తే మంచిది. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నపురాళ్ళు కొద్దికొద్దిగా వేయండి, రాళ్ళ మీద నీళ్ళు పోయకండి. కుతకుతా ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ అయితే మెత్తబడిపోతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మీరూ కళ్ళద్దాలు పెట్టుకోండి. ఒక రాత్రంతా నాననిచ్చి, పాత బట్టలో వడగట్టి, పాలంత పల్చగా కలిపి, కాస్త బంక, చిటికెడు నీలిమందు వేయండి. గోడ తడిపి కొట్టాలి. మొదటి పూత వేసినప్పుడు ఏమీ కనిపించదు, గోడ తడిసినట్టే ఉంటుంది, సున్నం అయిపోయిందేమో అనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. పల్చగా మూడు పూతలు వేయండి, చిక్కగా ఒకటి వేస్తే రాలుతుంది.

అంతా తెలుపే ఉంటే కళ్ళు జిగేలుమంటాయి, వానకి చిందే మట్టి మరకలూ కనిపిస్తాయి. అందుకని కింద అడుగున్నర ఎత్తు దాకా జేగురు రంగు పట్టీ వేయించండి. తెల్ల గోడ, ఎర్ర పట్టీ, ముందు నాలుగు ఆకుపచ్చ కుండీలు. వందల రూపాయల్లో అయ్యే పని, వచ్చినవాళ్ళు మొదట మెచ్చుకునేది అదే.

అరుగు: అయిదున్నర వేలు

ప్లాస్టిక్ కుర్చీలు, కేన్ సోఫాలు ఎండలో ఉంచితే ఎన్నాళ్ళో నిలవవు. అరుగు కట్టారంటే మీ పిల్లల దాకా ఉంటుంది. ప్రహరీకి ఆనించి నైరుతి మూల నుంచి ఆరడుగుల పొడవు కట్టించండి. బరువు నైరుతిలో ఉంది కాబట్టి వాస్తు మాట ఎత్తి అడ్డం చెప్పేవాళ్ళూ ఉండరు.

ఎత్తు గురించి మేస్త్రితో ముందే గట్టిగా చెప్పండి. వాళ్ళకి అలవాటైన ఎత్తు అడుగు, అడుగుంపావు. అంత కిందికి కూర్చుంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చెయ్యి పట్టుకోనిదే లేవలేరు. రాయి పై అంచు నేల నుంచి 18 అంగుళాలు ఉండాలి. వెడల్పు కూడా 18 అంగుళాలు. పైన బూడిదరంగు నాపరాయి వేయండి, నల్లరాయి వద్దు, పొద్దున ఎండకే సలసలా కాగుతుంది. నాపరాయి వంపుకి ఓర్చుకోదు, మధ్యలో ఆసరా లేకపోతే పటుక్కున విరుగుతుంది, కాబట్టి రెండడుగులకొక ఇటుక దిమ్మె ఉండాలి. దిమ్మెల మధ్య ఖాళీలు మూయించకండి. చెప్పులు, మొక్కల సామాను అందులో పెట్టుకోవచ్చు. ముందు అంచు గుండ్రంగా అరగదీయించండి, తొడల కింద ఒత్తుకోదు. అరుగు చివర గోడకి ఒక చిన్న ఇనుప పైపు పట్టుకోడానికి బిగిస్తే అమ్మగారికి ఇంకా సుఖం.

మీ దగ్గరున్న తుప్పు ఇనుప కుర్చీలు రెండూ పారేయకండి. ఎమరీ పేపర్‌తో రుద్ది, రెడాక్సైడ్ ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. పాత నవారు మంచం ఫ్రేము గట్టిగా ఉంటే ప్లాస్టిక్ నవారు అల్లించండి, నూలుది బయట నిలవదు. వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

లైట్లు, ఫ్యాను: మూడున్నర వేలు

తక్కువ ధర సోలార్ దీపాలు మొదటి నెల బాగా వెలుగుతాయి. తర్వాత లోపలి బ్యాటరీ నీరసిస్తుంది, ఎనిమిదింటికే ఆరిపోతాయి. మన ఎండకి పై ప్లాస్టిక్ పసుపెక్కి మసకబారుతుంది. దాని బదులు ఇంట్లోంచి ఒక లైను లాగించి, వాన తగిలినా పర్లేని ఐపీ 65 రకం గోడ దీపాలు రెండు పెట్టండి. తెల్ల కాంతి కాకుండా వార్మ్ వైట్ అడగండి. పసుపు కాంతికి పురుగులు తక్కువ చేరతాయి. అయినా తొలకరికి ఉసిళ్ళు లేచిన రోజు ఏ లైటూ పనికిరాదు, ఆ గంట అన్నీ ఆర్పేసి కూర్చోవడమే.

దోమలకి నా మందు ఫ్యాను. కాయిల్స్, స్ప్రేలు ఆరుబయట గాలికి కొట్టుకుపోతాయి. దోమ బలహీనంగా ఎగురుతుంది, గాలి విసురుగా ఉంటే వాలలేదు. గోడకి బిగించే ఫ్యాను ఒకటి, అరుగు మీద కూర్చున్నవాళ్ళ కాళ్ళ వైపు వంచి పెట్టండి, దోమలు కుట్టేది అక్కడే కదా. బెజవాడలో కాలవ గట్ల వెంబడి ఇళ్ళకి ఇదే చెప్తుంటాను, పనిచేస్తుంది. వానజల్లు తగలని చోట, సన్‌షేడ్ కింద బిగించండి.

బయటి లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి, తప్పకుండా ఉండాలి. తడి నేల, వట్టి కాళ్ళు, ఇనుప పైపులు, మూడూ ఒకేచోట ఉన్నాయి మీకు. దీంట్లో బేరాలు వద్దు. ఇంటి బోర్డులో ఇప్పటికే ఉంటే ఆ ఖర్చు మిగులుతుంది. ప్లగ్గు పాయింటు నేల నుంచి నాలుగడుగుల పైన పెట్టించండి. వరద చూశాక నేను ఇంతకన్నా కింద ఎక్కడా పెట్టించడం లేదు.

మొక్కలు: రెండు వేలు చాలు

ఉగాదికి నర్సరీకి వెళ్ళి నిండా పూసిన కుండీలు తెచ్చి వరసగా పెట్టాలనిపిస్తుంది. ఆ మొక్కలు చాలావరకు కడియం నుంచి వస్తాయి, గోదావరి ఒడ్డున నీడలో పెరిగినవి. ఏప్రిల్‌లో మీ పడమటి ఎండలో పెడితే పదిరోజుల్లో మాడతాయి. ఇప్పటికి అయిదారు మొండివి తెచ్చుకోండి: కాగితంపూలు, నూరువరహాలు, కలబంద, కరివేపాకు, టేబుల్ రోజా. మల్లెలు మాత్రం ఒక కుండీ ఇప్పుడే తెచ్చుకోండి, వాటికి మన వేసవే కాలం. మిగతావి తొలకరి తర్వాత. పడమటి పైపు మొదట్లో ఒక రాధామనోహరం నాటితే రెండేళ్ళలో నిలువు తెర పని అదే చేస్తుంది, సాయంత్రం పూట వాసన వేరే లెవెల్. తీగలుంటే పాములొస్తాయని భయపెడతారు. పాములు, తేళ్ళు వచ్చేది మూల పేర్చిన పాత సామాన్లలోకి. పని మొదలుపెట్టేముందు ఆ కుప్ప ఖాళీ చేయించండి, పాత ఇనుము వాడికి అమ్మితే కొంత డబ్బు కూడా వస్తుంది.

కుండీలకి ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాలు కడిగి వాడుకోవచ్చు, అడుగున నాలుగు చిల్లులు పెట్టి, బయట మీ ఎర్ర పట్టీ రంగే వేస్తే కొన్నవాటిలాగే ఉంటాయి. కింద పళ్ళేలు పెడితే వారానికొకసారి తప్పకుండా ఒంపేయండి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

లెక్క చూస్తే నీడకి 8,000, నేలా గోడలకి 4,500, అరుగుకి 5,500, కరెంటుకి 3,500, మొక్కలకి 2,000. ఇంకా 1,500 చేతిలో ఉంచుకోండి, పని మధ్యలో ఏదో ఒకటి బయటపడుతుంది. మేస్త్రి కూలీ, ఇనుము ధర మీ దగ్గర కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. డబ్బు చాలకపోతే ముందు మొక్కలు తగ్గించండి, తర్వాత లైట్లలో ఒకటి. నీడ, అరుగు తగ్గించకండి.

వరస కూడా ముఖ్యమే. ముందు పైపుల గుంటలు, కాంక్రీటు, అరుగు, గచ్చు పని. ఇవన్నీ శివరాత్రి లోపల అయితే తడపడానికి ఎండ కూడా మరీ ఎక్కువ ఉండదు. తర్వాత కరెంటు లైను, ఆ తర్వాత సున్నం, చివర్న నెట్. సున్నం కొట్టాక కరెంటు వాణ్ణి పిలిస్తే గోడ నిండా చేతి మరకలు, చిల్లులు.

రోజూ సాయంత్రం నీళ్ళు చల్లుకుంటాం కదా, ఎండ గచ్చు మీద నుంచి పూర్తిగా పోయాకే చల్లండి. ఎండ ఉండగా చల్లితే ఆవిరి లేచి ఉక్కపోత ఇంకా పెరుగుతుంది.

ఇక ఉయ్యాల. మీరు సన్‌షేడ్‌కి హుకులు కొట్టించి తగిలిద్దామన్నారు. వద్దు, ససేమిరా వద్దు. సన్‌షేడ్ గోడలోంచి బయటికి చాచిన పల్చటి పలక, దాని బరువు అది మోసుకోవడానికి, వాన ఆపడానికి కట్టింది. ఇద్దరు మనుషులు ఊగితే పడే లాగుడు దాని లెక్కలోనే లేదు. పాత ఇళ్ళలో లోపలి ఊచలు తుప్పు పట్టి కూడా ఉంటాయి, పైకి తెలియదు. నెట్ పైపులకి కూడా తగిలించకండి. అంతగా కావాలంటే వచ్చే ఏడాది దాని కాళ్ళ మీద అదే నిలబడే ఇనుప స్టాండు ఉయ్యాల కొనుక్కోండి, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. ఇంటి లోపల బీము ఉండి దానికి తగిలించాలనుంటే ఆ బీము ఫొటో, ఇల్లు కట్టిన సంవత్సరం ఇక్కడ పెట్టండి. దాంతోపాటు సుద్దగీతలు గీసిన గచ్చు ఫొటో, తూము ఎటుందో కూడా. వాలు ఎటు తిప్పాలో చూసి చెప్తాను.